సున్నం వయసు

నా మాటను ఉన్నదున్నట్టు నమ్మే మనిషి ఈ వయసులో నాకు ఎదురవుతుందని కలలో కూడా అనుకోలేదు. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

మాది పాతబస్తీలో తరాల నాటి సున్నం దుకాణం. చార్మినార్‌కు పూసిన సున్నం మా ముత్తాత ముత్తాత తడిపిందే. ఇలా రాయగానే చెయ్యి ఆగింది. చదివేది మీరు, మా గిరాకీలు కారు. సరే, చార్మినార్ కాదు. లాడ్ బజార్ వెనక సందులో ఒక బడి గోడ ఉంది, దాని పక్కన మరుగుదొడ్డి ఉంది. ఆ రెండింటికీ వాడింది మా సున్నమే. బడి గోడ సంగతి మా నాయన చెప్పాడు, ఆయన మాట ఎంతవరకు నమ్మాలో తెలియదు. మరుగుదొడ్డికి మాత్రం నేనే డబ్బాలు మోయించాను.

పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన రోగమని మా ఆవిడ అంటుంది. కాదు, వ్యాపారంతో వచ్చింది. కాల్చిన సున్నపు గడ్డను నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి, పొగలు కక్కి, చల్లారాక వెన్నముద్దలా తయారవుతుంది. ఆ ముద్దను గోతిలో నీళ్ల కింద ఎంత కాలం ఉంచితే అంత మంచిది. గోడను గట్టిగా పట్టుకుంటుంది, పగుళ్లివ్వదు. అందుకని మా బజారులో సున్నానికి బరువు కన్నా వయసు ముఖ్యం. వయసేమో కంటికి కనబడదు. అమ్మేవాడు ఎంతైనా చెప్తాడు, కొనేవాడు సగం కొట్టేస్తాడు. ఎవరూ రాయని చట్టం ఇది, ఎవరూ తప్పని చట్టం కూడా.

"సేటూ, పాత సున్నం ఉన్నదా?" అని మేస్త్రీ అడిగేవాడు.

"నిరుడు దసరాకు తడిపింది భాయ్. ముట్టి చూడు, మక్ఖన్."

అతను వేలితో కాస్త తీసి బొటనవేలికి రుద్ది, "అంటే హోలీకి తడిపినవన్నట్టు. చలో, డబ్బాలు నింపు," అనేవాడు.

తడిపింది హోలీకే. అతనికి కోపం లేదు, నాకు సిగ్గు లేదు. నేను హోలీ అని నిజం చెప్పి ఉంటే అందులోనూ సగం కొట్టేసి, ఇది కుర్ర సున్నమని పక్క దుకాణానికి పోయేవాడు. అందరూ సగం కొట్టే చోట నిజం చెప్పడం వ్యాపారికి పనికిరాదు. ఇంట్లో కూడా నాకు అదే అలవాటైంది. మా ఆవిడకు గంటలో వస్తానని చెప్తే రెండు గంటల తర్వాత అన్నం వండేది. కొట్టాల్సింది సగం కాదని, రెండింతలు చెయ్యాలని ఆమె పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది.

మా బట్టీ పాతబస్తీలో ఉండేది కాదు. ఊరు దాటి తూర్పుకు పోతే మూసీ ఒకచోట రెండు రాతిగుట్టల మధ్య ఒదిగి పోతుంది. దాన్ని మేం ఇరుకు అనేవాళ్లం. అవతలి ఒడ్డు ఊరిది రాళ్లు కొట్టే పని. ఇవతలి ఊరిది సున్నం కాల్చే పని. నడుమ చట్రాతి బండల మీద రంగులద్దిన బట్టలు ఆరేసేవాళ్లు. పొద్దు పొడిచింది మొదలు అటు ఉలి చప్పుడు, ఇటు గానుగ చప్పుడు. గుండ్రటి కాలవలో రాతి చక్రాన్ని ఎద్దు తిప్పుతుంటే, సున్నం ఇసుకతో కలిసి నలిగి డంగు సున్నమయ్యేది. గుట్టల మధ్య బట్టీల పొగ పైకి పోలేక నీళ్ల మీదే పాకేది. ఆ ఇరుకులో మొసళ్లుండేవని మా మనవలకు చెప్పాను. తాబేళ్లుండేవి.

సిమెంటు వచ్చింది. బట్టీలు ఒక్కొక్కటే చల్లారాయి. ఉలి చప్పుడు ఆగింది. రెండు ఊళ్లను పట్నం మింగి బస్తీలు చేసింది. ఇప్పుడక్కడ ఆటోలు బాగుచేసే షెడ్లు, నీళ్ల క్యాన్ల దుకాణాలు ఉన్నాయి. నదిలో మాత్రం ఏముందో ముక్కు మూసుకుని చూడాలి. నిలిచింది మా బట్టీ ఒక్కటే. పైభాగం సగం కూలింది, రాళ్ల సందుల్లో రావి మొలిచింది.

దాన్ని ఆనుకుని ఒక ఇల్లుంది. అందులో అక్క ఉంటుంది. సొంత అక్క కాదు. చిన్నప్పుడు ఆమె గానుగ ఎద్దును తోలేది, పెళ్లయ్యాక అత్తగారి వాళ్లతో బట్టీకి రాళ్లు, బొగ్గు వేసేది. నాకన్నా కాస్త పెద్దది. మొగుడు పోయాడు, కూతురు అత్తగారింట్లో ఉంది. బట్టీ నోటి దగ్గర, ఒకప్పుడు కాలిన సున్నాన్ని లాగే చోట, ఇప్పుడు ఆమె పొయ్యి. పెరటి తలుపు తీస్తే నేరుగా అక్కడికే. మా ఇంట్లో ఆ ఇంటి గురించి ఒకటే మాట ఉండేది: బట్టీ మనది, కాపలా ఉంటారని వాళ్లకు పక్కన జాగా ఇచ్చాం. మా నాయన ఈ మాటను దానం చేసినవాడి గొంతుతో అనేవాడు. నేనూ అదే గొంతు నేర్చుకున్నాను.

నది ఒడ్డంతా శుభ్రం చేస్తారని, ఇళ్లు తీసేస్తారని మొన్న ఎండాకాలం నుంచి ఒకటే లొల్లి. అదే రోజుల్లో ఒక మేడం నా దుకాణానికి వచ్చింది. చిన్న వయసు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. ఇరుకులో పాత కార్ఖానాలు, బట్టీలు ఏమేం మిగిలాయో చూసి, కాపాడాల్సిన వాటిని తేల్చడం తన పని అంది.

నా బుర్రలో దీపం వెలిగింది. బట్టీ పాతదైతే దాన్ని ముట్టుకోరు. బట్టీని ముట్టుకోకపోతే పక్కనున్న అక్క ఇల్లూ మిగులుతుంది.

"అంకుల్, ఆ బట్టీ ఎప్పటిది?"

"నాలుగు వందల ఏండ్లు మేడం."

లెక్క నా మనసులో ఉంది. సగం కొడితే రెండు వందలు. మొండి మనిషై ఇంకో సగం కొట్టినా నూరు. నూరేళ్లన్నా పనికొస్తుంది. ఆమె బేరానికి దిగుతుందని ఎదురుచూశాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, "వావ్!" అంది, రాసుకుంది.

అంత తేలిగ్గా పోయేసరికి నా నోరు ఊరుకోలేదు. సుల్తానులు ఏనుగెక్కి బట్టీని చూడ్డానికి వచ్చేవాళ్లని, ఏనుగు సరిగ్గా బట్టీ నోటి ముందు నిలబడేదని చెప్పాను. ఏనుగును ఆమె అడగలేదు. కొసరుగా నేనే ఇచ్చాను. ఆమె అదీ రాసుకుంది. థాంక్స్ అంకుల్ అని నమస్కారం పెట్టి మెట్లు దిగింది.

గల్లా ముందు కూర్చున్నవాణ్ని అలాగే ఉండిపోయాను. నా జీవితంలో ఒక మనిషి నా సరుకును చెప్పిన వయసుకే కొని పోవడం అదే మొదటిసారి. వెనక్కి పిలుద్దామని లేచాను కూడా. పిలిచి ఏమనాలి? మేడం, బేరం ఆడలేదేంటి అని అడగాలా?

కొన్నాళ్లకు అక్క ఫోను చేసింది. "సేటూ, ఉన్నపళంగా రా," అంది, పెట్టేసింది. ఆమె అంత కురచగా మాట్లాడే మనిషి కాదు. ఆటో ఎక్కాను. దారిలో ఫ్లైఓవర్ కింద ఇరుక్కుని, డ్రైవరును తిట్టి, అతనితో తిట్టించుకుని, ఎలాగో చేరాను.

ముందు కనబడింది బోర్డు. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు: నాలుగు శతాబ్దాల నాటి సుల్తానుల సున్నపు బట్టీ. కింద బొమ్మ. బొమ్మలో బట్టీ, బట్టీ ముందు ఏనుగు. అంబారీతో సహా.

నేను నోటితో అన్న ఏనుగు రంగులేసుకుని నా ఎదురుగా నిలబడింది. దాని వెనక, అక్క గోడ మీద, ఎర్ర రంగుతో ఇంత పెద్ద అడ్డగీత.

అక్క గడప మీద కూర్చుని ఉంది. "సేటూ, ఏనుగేంది?"

"ఊరికే అన్న అక్కా."

"నా పొయ్యి కాడ నిలబడెనట గదా. జర ముందుగాల చెప్తే ఏమాయె, ఇంత గడ్డన్న ఏసేదాన్ని."

"ఈ గీత ఏంది?"

"నీ ఏనుగుకు జాగ గావాలెనట. మనిషిని లేపి ఏనుగును నిలబెడ్తరట. నేను యాడికి పోవాలె చెప్పు, బిడ్డ అత్తగారింటికి పోయి మూలకు గూసోవాల్నా?"

మేడం అక్కడే ఉంది, ఆమె పక్కన ఆ ఎర్ర గీత గీయించిన సర్కారు సారు కూడా. సంగతి సారే చెప్పాడు. బట్టీ చాలా పాతది, ఇల్లు తర్వాత దాన్ని ఆక్రమించి కట్టింది. ఇల్లు తీసేస్తే జనం బట్టీ చుట్టూ తిరిగి చూడొచ్చు.

నేను చేతులు జోడించాను. "మేడం, ఆ బట్టీ మా నాయన కట్టించిండు. నేను పుట్టేదానికి జర ముందు. సుల్తాన్లు లేరు, ఏనుగు లేదు. మొత్తం నేనే చెప్పిన."

ఆమె నవ్వింది. "అర్థమైంది అంకుల్. పక్కింటి ఆంటీ కోసం ఇలా అంటున్నారు. మీరు చాలా మంచివారు."

నన్ను మంచివాడని ఎవరూ అనలేదు, ఆ రోజు దాకా. అన్న రోజున అది నాకు పనికిరాలేదు.

"నేను మంచోణ్ని గాదు మేడం, సున్నమమ్మెటోణ్ని. నేను నాలుగు వందలంటే మీరు సగం కొట్టాలె."

"నేనెందుకు కొట్టాలి?"

"అందరు కొడ్తరు."

మా బజారు చట్టమంతా విప్పి చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆమె ముఖంలో రంగు మారింది. బోర్డు వైపు చూసింది, ఏనుగు వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది: "మరి ఇప్పుడు చెప్తున్నదాంట్లో ఎంత కొట్టెయ్యాలి అంకుల్?"

ఒట్టు వేద్దామనుకున్నాను. ఎవరి మీద వెయ్యను? మా ఆవిడ మీద వేస్తే ఆవిడ పక్కనుంటే తనే నవ్వేది.

"దీనికి బేరమెందుకు? ఆ దూలం చూపియ్యరాదూ," అని అక్క విసుక్కుంది.

దూలం సంగతి నాకు తట్టనే లేదు. బట్టీ నోటి పైన, రాళ్లు కిందికి జారకుండా, మా నాయన ఒక పాత రైలు పట్టా ముక్క పెట్టించాడు. ఏళ్ల తరబడి సున్నం పూత, అక్క పొయ్యి పొగ పట్టి అది నల్లరాయిలా అయిపోయింది. అక్క ఇంట్లోంచి తాపీ తెచ్చిచ్చింది. నేను పూతను చెక్కాను. పెళ్లలు రాలాయి. లోపల ఇనుము, తుప్పు పట్టినా రైలు పట్టా రూపం చెరగని ఇనుము.

"సుల్తాన్లు ఏనుగెక్కే వచ్చిన్రు గని సార్, రైలు పట్టా మీద నుంచి రాలేదు," అన్నాను. చాలా రోజుల తర్వాత నాకు నా మీద ముచ్చటేసింది.

సారు వంగి చూసి, చేతులు దులుపుకున్నాడు. "అయితే బట్టీ పాతది కాదు. కాపాడే పనే లేదు. ఇల్లూ పోతది, బట్టీ పోతది. రెండింటికీ గీత పెట్టేస్తే అయిపాయె."

పిడుగు పడ్డట్టయింది. అబద్ధం చెప్పి అక్క ఇంటికి గీత తెచ్చాను. నిజం చెప్పి ఆ గీతను బట్టీకి కూడా అంటించాను. అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో పొయ్యి మీద రాలిన సున్నపు పెళ్లలు తుడవడం మొదలుపెట్టింది, సాయంత్రం వంట చేసుకోవాలి కదా అన్నట్టు.

మేడం మాత్రం కదల్లేదు. నేను పూత చెక్కిన చోటు పక్కనే, ఇంటి గోడా బట్టీ రాళ్లూ కలిసే మూలలోకి ఫోను లైటు వేసి చూస్తోంది. "అంకుల్, ఈ రాయి వదులుగా ఉంది. తియ్యొచ్చా?"

తీశాను. బట్టీ రాయి వెనక ఇంకో బట్టీ రాయి ఉండాలి. లేదు. అక్క ఇంటి మట్టిగోడ ఉంది. ఆ గోడకు సున్నం వేసి ఉంది.

నాకు ముందు అర్థం కాలేదు. మేడం చిన్న చాకుతో గోడ అంచును గీకింది. పొరలు బయటపడ్డాయి, ఉల్లిపాయ కోసినట్టు: తెలుపు, మీద నీలం, మీద మళ్లీ తెలుపు, ఒక పసుపు, మళ్లీ తెలుపు. దసరాకు ముందు ఇంటికి సున్నం వెయ్యడం ఇరుకులో ఎవరూ తప్పరు. ఏడాదికో పూత. ఆ పూతలన్నీ బట్టీ రాళ్ల వెనక్కి, చీకట్లోకి, అలాగే సాగిపోయి ఉన్నాయి.

"సార్, ఇటు చూడండి," అంది మేడం. "బట్టీ ముందుంటే దాని వెనక గోడకు సున్నం ఎవరు వెయ్యగలరు? చెయ్యి కూడా పట్టదు. గోడ ముందే ఉంది. ఎన్నో దసరాలు చూసింది. ఆ తర్వాతే బట్టీ వచ్చి దాన్ని ఆనుకుంది."

సారు తొంగి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "అంటే ఆక్రమించింది..."

పూర్తి చెయ్యలేదు. అందరూ నా వైపు చూశారు.

నేను అక్కడే బండ మీద కూలబడ్డాను. మీరు నమ్మినా నమ్మకపోయినా సరే, ఈ మాటలో మాత్రం కొట్టెయ్యడానికేం లేదు: ఆ క్షణంలో నాకు మా నాయన గొంతు వినబడింది, కాపలా ఉంటారని జాగా ఇచ్చాం అనే ఆ దాత గొంతు. ప్రతి పండక్కీ మా గుమ్మంలో నిలబడి, వంగి దండం పెట్టి, మా అమ్మ ఇచ్చిన పాత చీర తీసుకుని వెళ్లిన అక్క అత్త కళ్ల ముందు కదిలింది. ఆ దండం ఎవరు ఎవరికి పెట్టాల్సింది?

"అక్కా, నీకు ఎరుకేనా ఇది?"

"మా అత్త చెప్పేది. మీ నాయన ఒకనాడొచ్చి, మీ గోడ ఆసరా ఇయ్యుండ్రి, ఒక్క బట్టీ కాల్చుకుని పోత అన్నడట. బట్టీ ఉన్న జాగ గూడ మాదేనట."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?"

అక్క నన్ను వింతగా చూసింది. "నేనే నమ్మలే గదా. ముసలామె గిట్లనే అంటదని సగం కొట్టేసిన."

"సగం కొడితే ఏం మిగిలె?"

"ఆసరా ఒకలు ఇచ్చిన్రు, ఒకలు తీసుకున్నరు. అది మిగిలె. ఇచ్చింది మీరనుకున్న."

మేడం ముఖం పక్కకు తిప్పుకుంది. సారు ఎందుకో జేబులో పెన్ను వెతికాడు, అది చెవి మీద ఉంది.

తర్వాత జరిగింది పెంచకుండా చెప్తాను. సారు పైవాళ్లను అడగాలన్నాడు, అడిగాడు. మేడం తన రాతంతా కొట్టేసి కొత్తగా రాసింది. రాళ్లు కొట్టేవాళ్ల ఊరూ, సున్నం కాల్చేవాళ్ల ఊరూ, గానుగ తిరిగిన గుండ్రటి కాలవా అందులో ఉన్నాయట. సుల్తానులు లేరు. ఇల్లూ బట్టీ విడదీస్తే రెండూ పడిపోతాయి కాబట్టి రెండూ ఉండాలని, అక్క అక్కడే ఉండాలని తేల్చారు. బోర్డు పీకేశారు. ఏనుగు పోతుంటే నాకు కాస్త బాధనిపించింది, మంచి ఏనుగు.

ఎర్ర గీత మీద పూత వేసే పని నాది అని అక్క తేల్చింది. "నీ ఏనుగు తొక్కిన గోడ, నువ్వే కడుగు." మేడం ఒకటే కోరింది, మూలలో తను గీకిన చోటు అరచేతంత వదిలెయ్యమని, పొరలు కనబడాలని. "గాయం లెక్క ఉంటది బిడ్డా," అని అక్క గొణిగింది, కానీ సరేనంది. ఆ పసుపు పొర తన అత్త పెళ్లినాటిదై ఉంటుందని ఇప్పుడు వచ్చేపోయేవాళ్లకు చెప్తోంది. ఎవరూ సగం కొట్టడం లేదు.

దసరా ముందు డబ్బా సున్నం, కుంచె పట్టుకుని వెళ్లాను. ఇన్నేళ్లుగా మా వాళ్లు తీసుకున్న దానికి ఏమని చెప్పాలో ఆటోలో దారి పొడుగునా అనుకుంటూ పోయాను. అక్క నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. డబ్బా మూత తీసి అడిగింది.

"ఎప్పటి సున్నం సేటూ?"

నిజమే చెప్పాలని వెళ్లాను. దేవుడి సాక్షిగా ఆ ఉద్దేశంతోనే వెళ్లాను.

"నిరుడు దసరాకు తడిపింది అక్కా. మక్ఖన్."

ఆమె వేలు ముంచి తీసింది. వేలి చివర తెల్లటి ముద్ద నుంచి సన్నగా ఆవిరి లేచింది.

"ఇంక వెచ్చగనే ఉన్నది," అంది.

పొద్దున్నే తడిపాను.